సముద్రం పతకం బొగ్గుబాయిలోకి దిగిన కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా చారిత్రక వ్యాసం రాసి ఇవ్వవలసిందిగా సంపాదకవర్గ మిత్రులు అడిగినప్పుడు, సింగరేణి పుట్టుపూర్వోత్తరాల గురించి రాద్దామని మొదట అనుకున్నాను. కాని ఆ విషయం మీద నాకంటె బాగా తెలిసిన పెద్దలు ఇప్పటికే పలుమార్లు రాసి ఉన్నారు. అందుచేత కొంచెం దూరపు సంగతి ఎత్తుకుంటున్నాను. నీళ్లలో మునిగిపోతున్న మనిషిని కాపాడిన వారికి పతకం ఇచ్చే ఆచారం ఎక్కడ మొదలైంది, అది బొగ్గు గనుల దాకా ఎలా వచ్చింది అన్నదే ఈ వ్యాస విషయం. ఇంగ్లండు నావికునితో మొదలైన ఈ కథకు గోదావరిఖనిలో రిటైరైన మనకు ఏమిటి సంబంధం అని విసుక్కోకుండా చివరిదాకా చదవవలసిందిగా మనవి. ఇందులో నేను తీర్చలేకపోయిన ఒక అప్పు సంగతి కూడా ఉంది. అది చివర చెప్పుకుంటాను.

విక్టోరియా రాణి ఇంగ్లండును 1837 నుంచి 1901 దాకా పాలించింది. ఆ కాలంలో ఆ దేశపు ఓడలు ప్రపంచమంతా తిరిగేవి. విచిత్రమేమంటే, ఆ ఓడల మీద పనిచేసే నావికుల్లో చాలామందికి ఈత వచ్చేది కాదు. తెరచాప కొయ్య మీది నుంచి జారి సముద్రంలో పడ్డవాడు పడ్డట్టే పోయేవాడు. ఓడను ఆపి, పడవ దించి, వెనక్కు వచ్చేసరికి అలల్లో మనిషి జాడ ఉండేది కాదు. నీటి ప్రమాదాల్లో పోయే ప్రాణాలను నిలబెట్టాలనే ఉద్దేశంతో 1774లోనే లండన్‌లో విలియం హాస్, థామస్ కోగన్ అనే ఇద్దరు వైద్యులు ఒక సంఘం స్థాపించారు. తరువాత దాని పేరు రాయల్ హ్యూమేన్ సొసైటీ అయింది. మునిగిన మనిషికి ఊపిరి పోయడం ఎలాగో నేర్పడం, ప్రాణానికి తెగించి కాపాడిన వారికి పతకాలివ్వడం ఆ సంఘం పని.

ఆ సంఘం పతకాలు అందుకున్న నావికుల్లో మాథ్యూ వెబ్ అనే ఆయన ప్రసిద్ధుడు. 1848 జనవరి 19న ష్రాప్‌షైర్ జిల్లాలోని డాలీ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి వైద్యుడు. డాలీ కూడా మన ప్రాంతం వంటిదే. బొగ్గు, ఇనుము పనుల చుట్టూ పెరిగిన ఊరు. ఆ దగ్గరలోనే సెవెర్న్ నది పారుతుంది. ఆ నది పక్కనున్న కోల్‌బ్రూక్‌డేల్‌లోనే 1709లో అబ్రహం డార్బీ కోక్ బొగ్గుతో ఇనుము కరిగించి చూపించాడు. అంటే వెబ్ కూడా నది పక్కన, బొగ్గు పొగలో పెరిగిన పిల్లవాడే. చిన్నప్పుడే సెవెర్న్‌లో ఈత నేర్చుకున్నాడు. ఆ నదిలోనే మునిగిపోతున్న తన తమ్ముణ్ణి కాపాడాడు. పన్నెండేళ్ల వయసులో కాన్వే అనే శిక్షణ ఓడలో చేరి, తరువాత వాణిజ్య నౌకల్లో నావికుడయ్యాడు.

1873లో ఆయన క్యూనార్డ్ కంపెనీ వారి రష్యా అనే ఓడ మీద పనిచేస్తున్నాడు. ఓడ న్యూయార్క్ నుంచి లివర్‌పూల్ వస్తోంది. అట్లాంటిక్ మహాసముద్రం మధ్యలో ఒక మనిషి ఓడ మీది నుంచి నీళ్లలో పడిపోయాడు. వెబ్ వెంటనే వెనుక దూకాడు. చల్లని నీరు, పెద్ద అలలు. ఓడ తన వేగంలో ముందుకు పోయింది. పడవ దించి వెనక్కు వచ్చి వెబ్‌ను ఎక్కించుకునేసరికి అరగంట దాటింది. ఆ అరగంటా ఆయన పడ్డ మనిషి కోసం వెదికాడు. దొరకలేదు. వట్టి చేతులతో పైకి వచ్చాడు.

మిత్రులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ ఏడే రాయల్ హ్యూమేన్ సొసైటీ స్టాన్‌హోప్ బంగారు పతకం అని కొత్తగా నెలకొల్పింది. ఏడాది మొత్తంలో అన్నింటికంటె సాహసమైన రక్షణ ప్రయత్నానికి దాన్ని ఇవ్వాలి. మొట్టమొదటి స్టాన్‌హోప్ పతకం మాథ్యూ వెబ్‌కే దక్కింది. ఆయన కాపాడబోయిన మనిషి బతకలేదు. అయినా పతకం ఇచ్చారు. ప్రాణం దక్కిందా లేదా అని కాదు, దక్కించడానికి తన ప్రాణాన్ని ఎంతవరకు ఒడ్డాడు అని చూశారు. ఈ మాట గుర్తుంచుకోండి. దీనితో నాకు తరువాత పని ఉంది.

వెబ్ 1875 ఆగస్టు 24న డోవర్ దగ్గర నీళ్లలోకి దిగి, 21 గంటల 45 నిమిషాలు ఈది మరునాడు ఫ్రాన్సు తీరాన కలే చేరాడు. ఇంగ్లిష్ చానెల్‌ను ఏ ఆధారమూ లేకుండా ఈదిన తొలి మనిషి ఆయనే. పేరు మోగిపోయింది. కాని పేరుతో ఇల్లు గడవదు కదా. ఈత ప్రదర్శనలతో పొట్టపోసుకుంటూ, చివరికి డబ్బు కోసమే నయాగరా జలపాతం దిగువనున్న సుడిగుండాలను ఈదబోయి 1883 జూలై 24న ప్రాణం పోగొట్టుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్లు. భార్య, ఇద్దరు పిల్లలు మిగిలారు. నీటి నుంచి మనుషుల్ని కాపాడబోయిన మనిషిని చివరికి నీరే తీసుకుపోయింది.

ఇక ప్రభుత్వం తరఫు పతకం సంగతి. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ 1861లో మరణించాడు. ఆయన పేరు మీద 1866 మార్చి 7న ఆల్బర్ట్ మెడల్ ఏర్పాటు చేశారు. సముద్రం మీద ప్రాణాలు కాపాడిన వారికి మాత్రమే ఈ పతకం. అందుకే దాని మీద లంగరు బొమ్మ ఉండేది, రిబ్బను నీలం రంగు. అయితే తొలి పతకం అందుకున్నది నావికుడు కాదు, శామ్యూల్ పాపుల్‌స్టోన్ అనే కౌలు రైతు. తీరం దగ్గర రాళ్లకు కొట్టుకొని పగిలిపోతున్న ఓడలోని మనుషుల కోసం అలల్లోకి దిగిన మనిషి ఆయన. 1867 నుంచి మొదటి తరగతికి బంగారం, రెండవ తరగతికి కంచు అని విభజించారు.

పదేళ్లకు పైగా ఆ పతకం సముద్రానిదిగానే ఉండిపోయింది. దాన్ని నేల మీదికి, ఇంకా చెప్పాలంటే నేల కిందికి దించిన వారు బొగ్గు కార్మికులు.

వేల్స్ దేశంలో రోండా లోయలో పోర్త్ అనే ఊరి దగ్గర టైనెవిడ్ అనే బొగ్గు గని ఉండేది. 1877 ఏప్రిల్ 11న, పక్కనే ఉన్న పాత గని పనుల్లో నిలిచిన నీరు గోడ బద్దలు కొట్టుకొని ఈ గనిలోకి దూకింది. పని ముగించి పైకి వస్తున్న వేళ అది. చాలామంది బయటపడ్డారు. 14 మంది లోపల చిక్కుకుపోయారు. నీరు దిగువ భాగమంతా నింపేసింది. కాని ఎత్తుగా ఉన్న కొన్ని పని స్థలాల్లో గాలి బంధించబడి, ఆ గాలి ఒత్తిడే నీటిని ఆపింది. గనిలో పనిచేసిన వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

బొగ్గు గోడ మీద తడుతున్న చప్పుడు బయటివారికి వినిపించింది. దగ్గరగా ఉన్న అయిదుగురి వైపు ముందు తవ్వారు. కన్నం పడగానే లోపల బిగిసి ఉన్న గాలి ఒక్కసారిగా బయటికి దూసుకొచ్చింది. ముందున్న మనిషి ఆ ఊపుకు కన్నంలో ఇరుక్కుని అక్కడికక్కడే చనిపోయాడు. మిగతా నలుగురు బయటపడ్డారు. ఇంకా లోపలి భాగంలో మరో చోట ఇంకో అయిదుగురి చప్పుడు వినిపిస్తోంది. లండన్ నుంచి నీటిలో మునిగి పనిచేసే వారిని పిలిపించారు. వారు ప్రయత్నించి చేరలేకపోయారు. ఇక పంపులు నడపడం, బొగ్గు కొట్టడం తప్ప మార్గం లేదు. సుమారు 35 మీటర్ల బొగ్గును చేతి పనిముట్లతో కొట్టుకుంటూ పోయారు. గోడకు అవతల గాలి బిగిసి ఉందని, దాని వెనుక నీరు కాచుకుని ఉందని, అంతకుముందు అలాంటి కన్నం దగ్గరే ఒకరు చచ్చిపోయారని తెలిసీ కొట్టారు. ప్రమాదం జరిగిన తొమ్మిది రోజులకు, ఏప్రిల్ 20న, ఆ అయిదుగురిని ప్రాణాలతో పైకి తెచ్చారు. మొత్తం 14 మందిలో తొమ్మండుగురు బతికారు.

ఆ రోజుల్లో దేశమంతా ఆ వార్త కోసమే ఎదురుచూసింది. సముద్రం మీద నీటికి ఎదురువెళ్లిన వానికి పతకం ఉన్నప్పుడు, భూమి కింద నీటికి ఎదురువెళ్లిన వానికి ఎందుకు ఉండకూడదు అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. ఆ ఏడే ఆల్బర్ట్ మెడల్‌ను నేల మీది సాహసాలకు కూడా వర్తింపజేశారు. టైనెవిడ్ రక్షకులకు మొత్తం 25 పతకాలు ఇచ్చారు. మొదటి తరగతివి 4, రెండవ తరగతివి 21. నేల పతకం మీద లంగరు తీసేశారు, రిబ్బను ఎర్రది చేశారు. మొదటి తరగతి అందుకున్న వారిలో డేనియల్ థామస్ గని యజమాని, ఐజాక్ ప్రైడ్ గని కార్మికుడు. ఇద్దరికీ ఒకే తరగతి పతకం! ఆ కాలంలో ఇది చిన్న విషయం కాదు. ఆ డేనియల్ థామస్ 1884లో మరొక గనిలో పేలుడు జరిగినప్పుడు కాపాడడానికి దిగి ప్రాణం విడిచాడు. పతకం వచ్చింది కదా అని ఆయన ఒడ్డున కూర్చోలేదు. 1907లో గని కార్మికుల కోసం ప్రత్యేకంగా ఎడ్వర్డ్ మెడల్ అని మరొకటి వచ్చింది.

స్వతంత్ర భారతదేశంలో ఈ పనికి 1961లో జీవన్ రక్షా పతకాలు నెలకొల్పారు. సర్వోత్తమ్ జీవన్ రక్షా పదక్, ఉత్తమ్ జీవన్ రక్షా పదక్, జీవన్ రక్షా పదక్ అని మూడు తరగతులు. నీట మునగడం, అగ్ని ప్రమాదాలు, కరెంటు షాకు, కొండచరియలు విరిగిపడడం వంటి వాటితోపాటు గనుల్లో రక్షణ పని కూడా ఆ జాబితాలో ఉంది. తరగతిని నిర్ణయించేది కాపాడిన వాని ప్రాణానికి ఎంత అపాయం ఎదురైంది అన్నదే. హోదాతో, చదువుతో నిమిత్తం లేదు. అయితే ఎవరో ఒకరు ఆ సంగతి కాగితం మీద పెట్టి పైకి పంపాలి. అదీ ఘటన జరిగిన రెండేళ్లలోపు.

బొగ్గు గనిలో నీరు ఎంతటి శత్రువో మనకు తెలుసు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో 370 మందికి పైగా కార్మికులు నీటిపాలయ్యారు. పాత పనులకు 60 మీటర్ల దూరంలోకి వస్తే అనుమతి లేకుండా ముందుకు పోరాదని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల్లో ఉన్నది ఇందుకోసమే. ఓవర్‌మెన్, సర్దార్ పరీక్షలకు కూర్చున్న వారెవరూ ఆ అంకె మరచిపోరు. నిబంధన ఉన్నా నీరు తన దారి వెతుక్కుంటూనే ఉంటుంది. 1989 నవంబరు 13న పశ్చిమ బెంగాల్‌లోని రాణిగంజ్ ప్రాంతంలో మహావీర్ గనిలోకి పాత పనుల నీరు దూకింది. 71 మంది లోపల చిక్కుకున్నారు. వారిలో ఆరుగురు చనిపోయారు. మిగతా 65 మంది ఎత్తయిన చోట తలదాచుకున్నారు. పైనుంచి పెద్ద బోరు వేసి, ఒక్క మనిషి నిలబడగలిగే ఇనుప క్యాప్సూల్ తయారు చేయించి, దానిలో తానే ముందుగా దిగినవాడు జస్వంత్ సింగ్ గిల్ అనే ఇంజనీరు. ఒక్కొక్కరినే ఎక్కించి పంపి, 65 మందినీ పైకి చేర్చిన తరువాతే తాను వచ్చాడు. ఆయనకు 1991లో సర్వోత్తమ్ జీవన్ రక్షా పదక్ ఇచ్చారు. 2019 నవంబరులో కాలధర్మం చెందారు. 2023లో ఆయన కథతో హిందీలో సినిమా కూడా వచ్చింది.

ఇక మన దగ్గరికి వస్తే, 2003 జూన్ 16ను గోదావరిఖని వారు ఎవరూ మరచిపోలేరు. 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు దూకి 17 మంది కార్మికులు జలసమాధి అయ్యారు. మన రెస్క్యూ జట్ల వారికి దక్కిన పని నీళ్లు తోడి మృతదేహాలను పైకి తేవడం. ప్రాణం ఉందన్న ఆశతో దిగేవాని అడుగు వేరు, లేదని తెలిసీ దిగేవాని అడుగు వేరు. రెండో అడుగే బరువని నా అభిప్రాయం. వట్టి చేతులతో పైకి వచ్చిన మాథ్యూ వెబ్‌కు బంగారు పతకం ఇచ్చిన వారికి ఆ బరువు తెలుసు.

ఇప్పుడు నా అప్పు సంగతి.

1988లో నేను ఒక గని ఆఫీసులో క్లర్కును. అదే గనిలో ఒక పంపు ఖలాసీ ఉండేవాడు. గోదావరి ఒడ్డున బెస్తల ఇంట పుట్టిన మనిషి. ఆ ఏడు కార్తీక పౌర్ణమి నాడు స్నానాలకు వెళ్లినప్పుడు అన్నదమ్ములైన ఇద్దరు పిల్లలు మడుగులో పడ్డారు. ఒడ్డున వందమంది ఉన్నారు. దూకింది ఇతనొక్కడే. చిన్నవాణ్ణి జుట్టు పట్టి ఒడ్డుకు తెచ్చాడు. మళ్లీ దూకాడు. చీకటి పడేదాకా మునుగుతూ తేలుతూ వెదికాడు. పెద్దవాడు మూడో రోజు దొరికాడు, శవమై.

వారం తిరగకముందే అతని భార్య నా దగ్గరికి వచ్చింది. "సారూ, మా ఆయన చేసిన పని పైకి రాసి పంపుండ్రి. పతకమో, కాగితమో ఏదన్న ఇస్తరంట గద" అన్నది. "రాస్తలే చెల్లే" అన్నాను. ఆ సాయంత్రం అతన్నే అడిగాను. అతను తల అడ్డంగా ఊపాడు. "ఇద్దరి కోసం పోయిన సారూ, ఒక్కణ్నే తెచ్చిన. పెద్దోని తల్లి మొఖం చూడలేకపోతున్న. నాకేం పతకం సారూ?" అన్నాడు. నాకూ అది సబబే అనిపించింది. ఒక ప్రాణం పోయిన చోట పతకం ఏమిటి అనుకున్నాను. కాగితం సొరుగులో పెట్టాను. మస్టర్లు, బోనసు లెక్కలు, బదిలీలు. రెండేళ్లు ఇట్టే గడిచిపోయాయి. గడువు దాటింది. ఆ రోజుల్లో నాకు గడువు సంగతీ తెలియదు, మాథ్యూ వెబ్ సంగతీ తెలియదు. తెలియకపోవడం తప్పు కాదేమో. తెలుసుకునే ప్రయత్నం చేయకపోవడం మాత్రం తప్పే. ఆ తప్పు నాది, వేరెవరిదీ కాదు.

రిటైరయ్యాక తీరికగా పుస్తకాలు తిరగేస్తుండగా వెబ్ కథ నా కంట పడింది. మొదటి స్టాన్‌హోప్ పతకం ఎవరినీ బతికించలేకపోయిన వానికి వచ్చిందని చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ సొరుగు, ఆ కాగితం కళ్ల ముందు మెదిలాయి. అతను ఒకణ్ణి బతికించాడు కూడా!

ఈ వ్యాసం చిత్తుప్రతి పూర్తయ్యాక మొదట అతనికే చదివి వినిపించాను. బతికే ఉన్నామని పెన్షన్ కోసం ఏటా మనం కాగితం ఇస్తాం గదా, ఆ పని మీద ఇద్దరం ఒకేరోజు వెళ్లినప్పుడు బయట చెట్టు కింద కూర్చోబెట్టి చదివాను. వెబ్ దగ్గరికి వచ్చేసరికి నన్ను ఆపాడు.

"మల్ల ఆ మనిషి దొరకలేదా సారూ?"

"దొరకలేదు."

"అయినా ఇచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రు. బంగారుదే."

చాలాసేపు మాట్లాడలేదు. నేల మీద పుల్లతో గీతలు గీస్తూ కూర్చున్నాడు. తరువాత, "ఆ ముక్క మల్లొకసారి చదువుండ్రి" అన్నాడు. చదివాను. లేచేటప్పుడు ఒక్కటే షరతు పెట్టాడు, తన పేరు వేయవద్దని. ఆ షరతు పాటిస్తున్నాను.

మిత్రులకు నా విన్నపం ఒక్కటే. మనలో ప్రతివారికి ఇలాంటి మనిషి ఒకరు తెలిసే ఉంటారు. గనిలో కప్పు కింద పడ్డవాణ్ణి లాగినవారు, గ్యాసు పట్టిన చోటికి దిగినవారు, గోదావరిలో దూకినవారు. పాత సంగతులకు పతకం గడువు దాటిపోయి ఉండవచ్చు. కాని రాయడానికి గడువు లేదు. పిల్లల చేత రాయించినా సరే, తారీఖు, గని పేరు, జరిగిన సంగతి, వారు ఒప్పుకుంటే వారి పేరు రాసి మన సంఘానికి ఇవ్వండి. కొత్తగా జరిగినవి కళ్లబడితే మాత్రం రెండేళ్లు ఆగకండి, నాలాగ సొరుగులో పెట్టకండి. ఆ వారమే కలెక్టరు గారికి దరఖాస్తు చేయించండి. కాపాడినవాడు "నాకేం పతకం" అంటాడు. అనడం అతని సంస్కారం. రాయడం మన బాధ్యత.

సెలవు.